సభకు రాకపోతే జీతం కోయాలా?

లెక్కలపిచ్చి:
సూటిగా అడుగుతున్నాను. ప్రజల డబ్బు దేనికి ఎంత ఖర్చు పెట్టాలో ఆమోదించే అధికారం ఉన్నవాళ్లు సభకే రాకపోతే జీతంలో కోత పెట్టాలా, వద్దా? పెట్టాల్సిందే అంటాను. కెనడాలో ఒక సెషన్‌లో 21 రోజులకు మించి రాకపోతే, ఆపైన ప్రతి రోజుకూ 120 డాలర్లు కోసే చట్టం ఉంది. ఆస్ట్రేలియాలో అనుమతి లేకుండా వరసగా రెండు నెలలు రాకపోతే సీటే ఖాళీ అవుతుంది. మన ఎంపీలకైతే రిజిస్టర్‌లో సంతకం లేని రోజు దినభత్యం రాదు, అంతే. నెల జీతం జోలికి ఎవరూ వెళ్లరు. మామూలు ఉద్యోగికి ఇలా కుదురుతుందా?

వెనకబెంచీ:
సంతకం పెట్టి లాబీలోంచి అటే వెళ్లిపోయేవాళ్లను ఏం చేస్తారు సార్? కోత పెడితే సంతకాలు పెరుగుతాయి. పని పెరగదు. పైగా మంత్రులకు ఆ రిజిస్టరే లేదు. సంతకం పెట్టనక్కర్లేదు వాళ్లు. డబ్బు ఖర్చు పెట్టేదేమో వాళ్లే!

లెక్కలపిచ్చి:
దానికీ మందు ఉంది. యూరోపియన్ పార్లమెంటులో సంతకంతోనే దినభత్యం వస్తుంది కానీ, ప్లీనరీలో (సభ్యులందరూ కూర్చునే సమావేశంలో) పేరుపేరునా జరిగే ఓటింగుల్లో సగానికి పైగా తప్పించుకుంటే అందులో సగం కోత. మనమూ ఓటుకు ముడిపెడదాం.

పేరా_3_2:
ఇన్నాళ్లూ ఆడిట్ కాగితాల మధ్య గడిపినవాణ్ని, ఒక మాట చెప్పనివ్వండి. మీరిద్దరూ సభ హాలు గురించే పోట్లాడుతున్నారు. ఖర్చు మీద అసలు నిఘా ఆ హాల్లో జరగదండీ.

2018 మార్చిలో లోక్‌సభలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఒక్క శాఖ పద్దు మీద కూడా చర్చ లేకుండా మొత్తం గ్రాంట్ల డిమాండ్లను, అంటే శాఖలు అడిగిన డబ్బును, గిలటిన్ చేసి (చర్చ లేకుండా ఒక్కసారే ఓటుకు పెట్టి), నోటితో అవును, కాదు అనే మూజువాణి ఓటుతో ఆమోదించేశారు. ఆ రోజు నూటికి నూరు శాతం హాజరు ఉన్నా ఒక్క రూపాయి లెక్క కూడా బయటపడేది కాదు. పేరుపేరునా ఓటింగే లేనప్పుడు లెక్కలపిచ్చి గారి సూత్రం దేనికి ముడిపెడతారు? పోనీ ఓటింగ్ పెట్టారే అనుకుందాం. 1985లో పార్టీ ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ (ఇలాగే ఓటెయ్యమనే పార్టీ ఆదేశం) జారీ అయితే సభ్యుడి ఓటు అతనిది కాదు. శాఖ పద్దు తగ్గించమనే కోత తీర్మానం నెగ్గితే ప్రభుత్వం పడిపోయే పరిస్థితి కాబట్టి అధికార పక్షం విప్ ఇవ్వక మానదు. అక్కడ మనిషి లెక్కకు ఒక తల, అంతే.

నిజంగా ప్రశ్న అడగగలిగే చోటు ప్రజాపద్దుల సంఘం, ప్రభుత్వ ఖర్చు లెక్కలు చూసే పార్లమెంటు కమిటీ. బ్రిటన్‌లో 1861లో మొదలైన పద్ధతి, మన దగ్గర 1921 నుంచి ఉంది. 22 మంది సభ్యులు, లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7. మంత్రులకు చోటు లేదు. 1967 నుంచి ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ రిపోర్టులో తప్పు ఎత్తిచూపిన పేరాను ముందు పెట్టుకుని, శాఖ కార్యదర్శిని ఎదురుగా కూర్చోబెట్టి, "ఈ పని పూర్తికాకుండానే బిల్లు ఎలా చెల్లించారు?" అని అడగొచ్చు. ఆ కార్యదర్శి ఫైళ్లతో, వెనక నలుగురు అధికారులతో వస్తాడు. ఎదురుగా సగం కుర్చీలు ఖాళీగా ఉండి, వచ్చినవాళ్లు కూడా పేరా చదవకుండా వస్తే ఇంకేముంది? "పరిశీలించి లిఖితపూర్వకంగా సమాధానం ఇస్తాం" అనేసి లేచిపోతాడు. ఆ సమాధానం వచ్చేసరికి ఆ అధికారే బదిలీ అయిపోతాడు.

కాబట్టి నన్నడిగితే, సభ హాజరు శాతం పక్కన పెట్టి కమిటీ హాజరు చూడండి. ప్రతి కమిటీ రిపోర్టు చివర మినిట్స్ ఉంటాయి, ఏ సిట్టింగ్‌కు ఎవరు వచ్చారో పేర్లతో సహా. అవి ఎవరూ తెరిచి చూడరు.

వాకౌట్:
పేరా గారి మాట బాగానే ఉంది కానీ, రాకపోవడం కూడా ఒక్కోసారి రాజకీయమే. మైక్ ఇవ్వరు, ప్రశ్నలు తీసుకోరు, అలాంటప్పుడు బహిష్కరణ తప్ప ప్రతిపక్షం చేతిలో ఏముంది? మీ జీతం కోత రూల్ వస్తే ముందు దెబ్బ పడేది ప్రతిపక్షం మీదే. అధికార పక్షం వాళ్లు ఎలాగూ వచ్చి బల్లలు చరుస్తారు.

లెక్కలపిచ్చి:
ఒక రోజు వాకౌట్ చేస్తే నిరసన. సెషన్ల తరబడి రాకుండా జీతం తీసుకుంటే దాన్నేమంటారు? అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చని రాజ్యాంగంలో ఉంది, ఎంపీలకు 101, ఎమ్మెల్యేలకు 190 అధికరణం. ఆ నిబంధన వాడితే చాలు కదా!

వెనకబెంచీ:
ఆ 60 రోజుల్లోంచి వరసగా నాలుగు రోజులకు మించిన వాయిదాలు తీసేస్తారు. సభ ప్రోరోగ్ అయిన (సెషన్ ముగించిన) కాలమూ లెక్కలోకి రాదు. ఏడాదికి పాతిక, ముప్పై రోజులు కూర్చునే అసెంబ్లీలో 60 నిండేదెప్పుడు? మధ్యలో ఒక్క పూట వచ్చి వెళ్తే మళ్లీ మొదటికి. 2000లో ఒక రాజ్యసభ సభ్యుడి సీటు ఇలా పోయింది. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పేరా_3_2:
వాకౌట్ గారూ, సభలో మైక్ ఇవ్వరన్నది ఒప్పుకుంటాను. కానీ ప్రజాపద్దుల సంఘంలో ఛైర్మన్ మీవాడే. అక్కడికీ రాకపోతే అది ఎవరి మీద నిరసన? విప్ లేదు, కెమెరా లేదు, అరవాల్సిన పని లేదు. నాకు అనుమానం ఏంటంటే, కెమెరా లేకపోవడం వల్లే రారు. బ్రిటన్‌లో ఈ కమిటీ విచారణలు బహిరంగంగా, ప్రసారంతో జరుగుతాయి. మన దగ్గర తలుపులు మూసి జరుపుతారు. నాలుగు గంటలు చదివి, రెండు గంటలు అడిగితే నియోజకవర్గంలో ఒక్కరికీ తెలియదు. అదే సమయంలో ఏదో ప్రారంభోత్సవానికి వెళ్తే ఫొటో వస్తుంది.

వాకౌట్:
అధికారులు కెమెరా ముందు నోరు విప్పరు, అందుకే మూసిన తలుపులు.

పేరా_3_2:
ఇప్పుడు మాత్రం విప్పుతున్నారా?

లెక్కలపిచ్చి:
సరే, హాలు కన్నా కమిటీ ముఖ్యం అనుకుందాం. రూల్ మాత్రం కావాలి కదా, మర్యాదగా అడిగితే రారు.

పేరా_3_2:
రూల్ ఉంది. లోక్‌సభ నిబంధనల్లో 260 చూడండి. ఛైర్మన్ అనుమతి లేకుండా వరసగా రెండు సిట్టింగులు ఎగ్గొట్టిన కమిటీ సభ్యుణ్ని తప్పించమని సభలో తీర్మానం పెట్టవచ్చు. పార్టీలు మాత్రం తమవాళ్ల మీద ఆ తీర్మానం పెట్టవు, అవతలివాళ్ల మీద పెడితే వాళ్లూ తమ మీద పెడతారని భయం. అందుకే ఆ అధికారం సభ చేతిలోంచి తీసి, రెండు సిట్టింగులు దాటగానే సీటు దానంతటదే ఖాళీ అయ్యేలా మార్చమంటాను. మీ జీతం కోత నాకు అక్కర్లేదు, ఆ కుర్చీ ఇంకొకరికి ఇస్తే చాలు.

లెక్కలపిచ్చి:
రెండూ చేద్దాం. కోత మీద మాత్రం నేను తగ్గను.