అప్‌డేట్: ఆ రెండేళ్లు రెజ్యూమెలోంచి తీసేశాను

అమీర్‌పేటలో జావా నేర్చుకున్నాక, కన్సల్టెన్సీవాళ్లు రెండేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోమంటున్నారు, పెట్టనా అని పోయిన నెల అడిగాను కదా. మీలో ఒకరు పీఎఫ్ మాట ఎత్తారు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజమే, ఏ కంపెనీలో ఎప్పుడు చేరామో, ఎప్పుడు మానేశామో మన పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్, కింద సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. జీతంలో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఉంటే, ఎవరు కట్టారో ఇన్‌కమ్ ట్యాక్స్‌వాళ్ల ఫామ్ 26ఏఎస్‌లో కనిపిస్తుంది. పేస్లిప్పులంటే ముద్రిస్తారు, ఇవెక్కణ్ణుంచి తెస్తారు?

ఫ్రెషర్‌గానే అప్లై చేశా. అలాగని సత్యహరిశ్చంద్రుణ్ణేం కాదు, ‘స్ప్రింగ్ బూట్‌లో ఎక్స్‌పర్ట్’ అని ఒక ముక్క తగిలించా (అదో జావా ఫ్రేమ్‌వర్క్). ఇంటర్వ్యూలో, చెక్డ్ ఎక్సెప్షన్ అనే రకం ఎర్రర్ వస్తే ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అవుతుందా, అంటే డేటాబేస్‌లో చేసిన మార్పులు రద్దవుతాయా అన్నారు. అవుతుందన్నా. డిఫాల్ట్‌గా అవదట! ఆ ఉద్యోగం పోయింది. ఇప్పుడక్కడ ‘ఒక ప్రాజెక్టులో వాడాను’ అని ఉంది.

తర్వాతి ఇంటర్వ్యూలో తీసుకున్నారు. జీతం తక్కువే, సోమవారం చేరుతున్నా. కన్సల్టెన్సీకి కట్టిన అడ్వాన్సు సంగతి మాత్రం నాన్నకి ఇంకా చెప్పలేదు.