ప్యారడైజ్‌కి ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నా చైన్లు కావాలా?

ఈ శనివారం సియాటిల్ నుంచి మౌంట్ రైనియర్ పార్కులో కొండ మీదుండే ప్యారడైజ్‌కి, స్నోషూలతో (మంచులో కూరుకుపోకుండా బూట్లకి కట్టుకునే వెడల్పు పలకలు) నడుద్దామని వెళ్తున్నాం. బండి ఆల్ వీల్ డ్రైవ్, టైర్లూ కొత్తవే. మంచులో జారకుండా టైర్లకి చుట్టే చైన్లు కొనాలా అండీ?

— కొనాలండీ. నవంబర్ 1 నుంచి మే 1 దాకా పార్కులో ప్రతి బండిలో చైన్లు ఉండాల్సిందే, మీదైనా సరే. బిగించేది రేంజర్లు చెప్పినప్పుడే. కానీ ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూసుకోండి, రోడ్డు పక్కన బురద మంచులో మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు కొంకర్లు పోతుంటే టైరు వెనక కొక్కెం తడుముకోవడం నరకం.

— ప్యారడైజ్‌కి ఎక్కే రోడ్డు మీదున్న లాంగ్‌మైర్ గేటు రాత్రిళ్లు మూసేస్తారు. పొద్దున మంచు తీశాకే తెరుస్తారు, ఒక్కోరోజు అసలు తెరవరు. పార్కు సైట్ చూసి బయల్దేరండి.

— ఎక్కడం కంటే దిగడమే టెన్షన్. లో గేర్‌లో రండి, మలుపులో బ్రేకు గట్టిగా తొక్కొద్దు.

— థాంక్సండీ, చైన్లు ఇవాళే కొంటా.