రష్యా, అమెరికా పత్రికా స్వేచ్ఛ: అక్కడున్నవాళ్లు కాస్త చెప్పండి

గోదారిగట్టు:
సంక్రాంతికి ఇంటికొచ్చిన మా బావ మొదలెట్టిన గొడవ ఇది. రష్యాలో విలేకరిని జైల్లో పెడతారు, అమెరికాలో పేపరు యజమానిని పిలిచి మాట్లాడతారు, ఫలితం ఒకటే కదా అంటాడు. అరిసెలు చల్లారిపోయాయి గానీ వాదన చల్లారలేదు. అక్కడ ఉన్నవాళ్లు సొంత అనుభవం చెప్పండి. మన దగ్గర ఎలా ఉందో తర్వాత మాట్లాడుకుందాం.

డల్లాస్_బావ:
అనుభవమా? రెండు రాత్రులు కూర్చుని పన్నెండేళ్ల ఫేస్‌బుక్ తుడిచాను. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌1బీ ఉద్యోగ వీసా వాళ్లు, హెచ్‌4 మీదుండే వాళ్ల కుటుంబాలవాళ్లు కూడా ఖాతాలు అందరికీ కనబడేలా పెట్టాలన్నారుగా. నా వీసా స్టాంపింగ్ డేటు అసలే వెనక్కి జరిగింది. తీరా చూస్తే ఏముంది, పెళ్లి ఫొటోలూ, ఒక రాజకీయ కార్టూనూ. కార్టూన్ తీసేస్తుంటే మా ఆవిడ వెనకనుంచి "ఆ ఆవకాయ ఫొటో మాత్రం ఉంచండి, అత్తయ్య ఉన్నారు అందులో" అంది. ఇక్కడి టఫ్ట్స్ యూనివర్సిటీలో చదివే తుర్కియే అమ్మాయి రూమేసా ఓజ్‌తుర్క్ గుర్తుందా? మరో ముగ్గురితో కలిసి కాలేజీ పేపర్లో ఒక వ్యాసం రాసింది. ఏడాది తర్వాత, 2025 మార్చి 25న, ముసుగులేసుకున్న మనుషులు నడివీధిలో పట్టుకుపోయారు. ఆరు వారాలకి పైగా లోపలే ఉంది. జడ్జి విడిపించాడు, నిజమే. కానీ ఆ వీడియో చూశాక నా చెయ్యి కీబోర్డు మీదకి పోవడం లేదు.

సీమ_నాయన:
పత్రికల సంగతి నాకు తెల్దు సామీ. మా పాప రష్యాలో కజాన్‌లో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం. 2025 ఆగస్టు నుంచి వాట్సాప్‌లో కాల్ సరిగా పోదు. మొదట్లో మెసేజన్నా పోయేది, కాల్ కలిస్తే గొంతు వచ్చేది కాదు. వాళ్లే మాక్స్ అని సొంత యాప్ తెచ్చినారంట, కొత్త ఫోన్లో ముందే ఏసి ఇస్తారంట. కొన్ని దినాలు మొబైల్ నెట్టే ఉండదంట.
[ఈ వాక్యాన్ని రాసినవారే తొలగించారు]
ఎవురి పిల్లోళ్లన్నా ఆడ ఉంటే ఎట్ల మాట్లాడుతున్నారో చెప్పండప్పా.

డెస్క్_మాస్టారు:
ముప్ఫై నాలుగేళ్లు డెస్కులో చేశాను, పేపరు పేరు అడక్కండి. ఎమర్జెన్సీలో పేజీ ప్రూఫులు సెన్సారుకి పంపితే రాత్రి పదకొండింటికి ఎర్రగీతలతో వచ్చేవి. కొట్టేసినచోట ఖాళీ వదలకూడదు. ఖాళీ చూస్తే పాఠకుడికి అర్థమైపోతుంది మరి. అందుకని వంకాయ సాగు మీద వ్యాసం ఒకటి కంపోజు చేయించి అట్టేపెట్టుకునేవాళ్లం. ఆ ఏడాదిన్నరలో మా పాఠకులకి వంకాయ గురించి తెలియని ముక్క లేదు. కాబట్టి సెన్సారంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.
రష్యాలో 2001లో అక్కడి ఎన్టీవీ అనే టీవీ చానెల్ని ప్రభుత్వం చేతిలోని గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ చేజిక్కించుకున్నప్పుడే కథ మొదలైంది. నోవయా గజేతా అనే పేపరు విలేకరి అన్నా పొలిత్కోవ్‌స్కయాను 2006 అక్టోబరు 7న ఆమె ఇంటి లిఫ్టులో కాల్చి చంపారు. ఆ పేపరు ఎడిటరు మురతోవ్‌కి 2021లో నోబెల్ వచ్చింది, 2022 మార్చి 28న పేపరు అచ్చు ఆగింది. ఆ మెడల్ని వేలానికి పెడితే 10 కోట్ల 35 లక్షల డాలర్లు పలికింది, మొత్తం ఉక్రెయిన్ పిల్లల కోసం యునిసెఫ్‌కి ఇచ్చేశాడు. అమెరికాలో 1971లో పెంటగాన్ పత్రాలు, అంటే వియత్నాం యుద్ధం మీది రహస్య కాగితాలు, అచ్చేయకుండా ఆపమని ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్తే జడ్జీలు 6-3తో కుదరదన్నారు. మాస్కోలో ఆ ఆరుగురు ఎక్కడున్నారో మీ బావగారిని అడగండి.

ఎర్రజెండా_ఎల్లయ్య:
మాస్టారూ, అమెరికా అంత గొప్పదైతే దాని నిఘా రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ మాస్కోలో ఎందుకున్నాడో కూడా సెలవివ్వండి.

డల్లాస్_బావ:
ఉండటానికి వెళ్లలేదు, ఇరుక్కున్నాడు. హాంకాంగ్ నుంచి వేరే దేశం పోతుంటే పాస్‌పోర్టు రద్దు చేశారు. మాస్కో షెరెమెత్యేవో విమానాశ్రయంలో నెలన్నర పడున్నాడు.

ఎర్రజెండా_ఎల్లయ్య:
నెలన్నర కాదు, 39 రోజులు. 2013 జూన్ 23 నుంచి ఆగస్టు 1. తెలియకపోతే రాయకండి. ఇరుక్కున్నవాడు 2022లో ఆ దేశ పౌరసత్వం ఎందుకు తీసుకున్నాడు?

డల్లాస్_బావ:
తీసుకోకుండా ఎక్కడికి పోతాడు? మా ఊళ్లో బావిలో పడ్డ పిల్లి కూడా మూడో రోజుకి ఆ నీళ్లే తాగింది. బావి నచ్చిందని కాదు.

ఎర్రజెండా_ఎల్లయ్య:
మరి అమెరికా రహస్య పత్రాలు వికీలీక్స్‌లో పెట్టిన అసాంజ్? లండన్ బెల్‌మార్ష్ జైల్లో ఐదేళ్లు. 2024 జూన్‌లో నేరం ఒప్పుకున్నాకే వదిలారు. ఏ చట్టం కిందో తెలుసా? 1917 నాటి గూఢచర్య చట్టం. దాని మీద ఒక్క ముక్క రాయరు. అమెరికా జీతం తింటూ అమెరికాని ఏమంటారులెండి.

డల్లాస్_బావ:
మర్యాదగా మాట్లాడండి. పైన నేను రాసింది అమెరికా మీదేగా? చదివారా అసలు?

ఎర్రజెండా_ఎల్లయ్య:
చదివాను. ఆవకాయ గురించి.

డెస్క్_మాస్టారు:
ఇద్దరూ ఆగండి. స్నోడెన్ విలేకరి కాదు, విలేకరులకి కాగితాలిచ్చినవాడు. ఆ తేడా తెలియకుండా వాదిస్తే మా డెస్కులో కాపీ తిరగ్గొట్టేవాణ్ణి.

విచిటా_వాసు:
మా ఊరికి గంట దూరంలో జరిగింది చెప్తా, అందరూ మర్చిపోయారు. కాన్సస్‌లో మారియన్ అని చిన్న ఊరు, వారపత్రిక ఒకటుంది. 2023 ఆగస్టు 11న పోలీసులు ఆఫీసు మీదా, ఎడిటరు ఇంటి మీదా పడి కంప్యూటర్లు, ఫోన్లు ఎత్తుకెళ్లారు. ఇంట్లో ఎడిటరు వాళ్లమ్మ ఉంది, 98 ఏళ్లు, పత్రికలో ఆవిడా భాగస్వామే. నడవడానికి సాయం పెట్టుకునే చక్రాల కర్రతోనే పోలీసుల మీదకి వెళ్లి బయటికి పొమ్మని అరిచింది, ఆ వీడియో ఉంది. మర్నాడు పోయింది. అయినా ఆ వారం సంచిక ఆగలేదు. తర్వాత పోలీసు అధిపతి ఉద్యోగం వదిలేశాడు. ఆ వారమే నేను చందా కట్టాను. ఇప్పటికీ వస్తుంది. ఎక్కువగా స్కూలు బేస్‌బాలూ, గోధుమ ధరలూ ఉంటాయి.

పటాన్చెరు_పోరడు:
గదంతా సరే గని, గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి ట్రంపు పెట్టిన కొత్త పేరు రాయలేదని ఏపీ వాళ్లను వైట్‌హౌస్ ప్రెస్‌మీట్ల నుంచి ఆపిన్రు గదా 2025 ఫిబ్రవరిల, దాని ముచ్చట ఎవ్వరు చెప్తలేరు?

కృష్ణమ్మ_తీరం:
ఏపీ వాళ్లనే ఎందుకండీ ఆపడం? తెలంగాణ వాళ్లని రానిచ్చారా? ఎక్కడికెళ్లినా మాకే ఈ గతి.

పటాన్చెరు_పోరడు:
అన్నా, అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తాసంస్థ అన్నా ఏపీ అంటే 🙏

కృష్ణమ్మ_తీరం:
అలా పూర్తిగా రాయొచ్చుగా మరి. మీరెప్పుడూ ఇంతే. విభజనప్పుడు కూడా...

మాడరేటర్:
విభజన చర్చ వేరే థ్రెడ్‌లో ఉంది. ఇక్కడ వద్దు.

తెనాలి_తాతయ్య:
రష్యా అనగానే నాకు సోవియట్ భూమి పత్రిక గుర్తొస్తుంది. మా నాన్నగారు చందా కట్టేవారు. ఎంత నున్నటి కాగితమో! వీధిలో పిల్లలందరి లెక్కల పుస్తకాలకీ దాని అట్టలే. నా పుస్తకం మీద ట్రాక్టరెక్కి నవ్వే అమ్మాయి ఉండేది. మడత పెట్టిన చోట చిరిగేది కాదు, వానకి తడిసినా రంగు పోయేది కాదు. పేరు రాద్దామంటే మాత్రం సిరా పట్టేది కాదు. చీటీ అంటించాల్సి వచ్చేది.

ఎర్రజెండా_ఎల్లయ్య:
బాబాయిగారూ, నా సైన్సు పుస్తకం మీద రాకెట్! ఆ రోజులు వేరు.

డెస్క్_మాస్టారు:
అందులో ఒక్క చెడ్డవార్త చూశారా ఎల్లయ్యగారూ ఎప్పుడైనా? చెర్నోబిల్ 1986 ఏప్రిల్ 26న పేలితే వాళ్ల వార్తాసంస్థ 28 రాత్రి నాలుగు ముక్కలు చెప్పింది, అదీ స్వీడన్ వాళ్లు గాలిలో పట్టుకున్నాక. ఇప్పుడు 2022 మార్చి 4 చట్టం ప్రకారం సైన్యం మీద తప్పుడు వార్త అంటే 15 ఏళ్ల దాకా. మాస్కో కౌన్సిలర్ గోరినోవ్‌కి ఏడేళ్లు వేశారు. సమావేశంలో పిల్లల బొమ్మల పోటీ గురించి మాట్లాడుతూ, అక్కడ యుద్ధంలో పిల్లలు చస్తుంటే ఇక్కడ పోటీలేమిటన్నందుకు.

కృష్ణమ్మ_తీరం:
రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ వాళ్ల 2025 పత్రికా స్వేచ్ఛ ర్యాంకుల్లో అమెరికా 57, రష్యా 171. మనం 151. బావగారికి చూపించండి.

పటాన్చెరు_పోరడు:
మనది రష్యాకే దగ్గరున్నదన్నట్టు.

గోదారిగట్టు:
బావకి చూపించాను. ర్యాంకులిచ్చేది ఎవరు, ఫ్రాన్సు వాళ్లేగా అన్నాడు. ఇప్పుడు ఫ్రాన్సు మీద నడుస్తోంది గొడవ.

సీమ_నాయన:
పాప రాత్రి మామూలు ఫోన్ కాల్ చేసింది, రెండు నిమిషాలు. ఈడ రాసింది చెప్తే "నాయనా, ఆడ యుద్ధం గురించి నువ్వేమీ రాయగాకు, నేనింకా రెండేండ్లు ఉండాల" అనింది. అందుకే పైన ఒక లైను తీసేసినా. మాడరేటర్ సారూ, ఊరి పేరు గూడా తీసేయాలంటే ఎట్ల చేయాల? ఎడిట్ బటన్ ఇప్పుడు కనపడ్లే.