‘పెద్దలున్నారని ఊరుకుంటున్నా’: ఇది బెదిరింపేనా?

మొన్న మా ఊళ్ళో గట్టు తగాదా. ఒకాయన పార భుజాన పెట్టుకునే ‘పెద్దలున్నారని ఊరుకుంటున్నా, లేకపోతేనా...’ అన్నాడు. బెదిరించాడు, కేసు పెడతామని అవతలివాళ్ళు. నా మనసు ఆ వాక్యం మీదే ఉండిపోయింది. ‘ఊరుకుంటున్నా’ అంటే కొట్టనని చెప్పడమే కదా! అదే ‘ఇంకోసారి గట్టు ముట్టుకున్నావో...’ అని ఉంటే, ఆ చివరి ఓకారం రేపటి దెబ్బను ఇవాళే చూపిస్తుంది.

ఇంగ్లండులో 1669లో అచ్చం ఇలాంటిదే కోర్టుకెక్కింది. ట్యూబర్‌విల్ అనే ఆయన కత్తిపిడి మీద చెయ్యేసి, ‘జడ్జీలు ఊళ్ళో ఉన్న రోజులు కాకపోతే నీ మాటలు పడేవాణ్ణి కాను’ అన్నాడు. చెయ్యి కత్తి మీదున్నా మాట ‘ఇప్పుడు కాదు’ అంటోంది కాబట్టి అది దాడి కాదన్నారు.

జవాబు: స్వేచ్ఛావాదుల్లో (ఎవరి మీదా ముందుగా బలం వాడకూడదనేవాళ్ళు) రోత్‌బార్డ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1982లో ఇంకా గట్టి గీత గీశాడు. ముప్పు కళ్ళెదుట ఉండాలి, అప్పటికప్పుడు మీదికి రావాలి, ఏదో ఒక చేతతో, అంటే కంటికి కనిపించే పనితో మొదలవ్వాలి. ఆ లెక్కన శాపనార్థాలు, ‘నీ అంతు చూస్తా’ ఇవన్నీ ఉత్త మాటలే. వీటికి మనకు ‘దబాయింపు’ అనే చక్కటి మాట ఉండగా, పేపర్లు అన్నిటికీ ‘బెదిరింపు’ అనే రాస్తాయి. మన చట్టం, అంటే భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్, భయపెట్టే ఉద్దేశాన్ని చూస్తుంది. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో రాతల కేసులో, ఆ ఉద్దేశం లేని వట్టి మాటలు చాలవని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

జవాబు: నాకొచ్చిన ఫోన్ చెప్తాను. ఇంటి స్థలం గొడవ నడుస్తోంది. ఎంతో మర్యాదగా, ‘పాప మూడింటికి ఒక్కతే వస్తుంది కదమ్మా, జాగ్రత్త’ అన్నాడు. మా అమ్మ రోజూ గుమ్మంలో నిలబడి అనే మాటే అది. చెప్పులు కూడా వేసుకోకుండా బడికి పరుగెత్తాను. ‘మూడింటికి’ అని వాడికెలా తెలిసింది? కాపు కాశాడు. మీరన్న ఆ చేత అప్పటికే మొదలైపోయింది.

జవాబు: అక్కా, దయచేసి ఫిర్యాదులో ఆ వాక్యం ఉన్నదున్నట్టు, ‘మూడింటికి’, ‘ఒక్కతే’తో సహా రాయండి. ‘బెదిరించాడు’ అని ఊరుకుంటే, ‘జాగ్రత్తే కదమ్మా అన్నాడు’ అని పంపించేస్తారు.