మరుగున పడిన ప్రముఖులను వారి చివరి రోజుల కథలతోనే గుర్తుంచుకోవాలా?

ప్రశ్న: పాతపాటల అభిమాని

సభ్యులందరికీ నమస్కారం. 2025 జూలై 13న కోట శ్రీనివాసరావు గారు, ఆ మరునాడే బెంగళూరులో బి. సరోజాదేవి గారు కన్నుమూసినప్పుడు వచ్చిన సంతాప సందేశాలను నేను శ్రద్ధగా చదివాను. వాటిలో అభిమానానికి లోటు లేదు. అయితే ఆ వారం గడిచాక, వారికంటే ముందు తరాల కళాకారుల గురించి మనవాళ్లు ఏమి రాసుకుంటున్నారోనని వెతికితే నాకు చాలా బాధ కలిగింది. కనిపించిన వాటిలో అధికభాగం ఒకే కథ: ఒకప్పుడు మేడల్లో, కార్లలో తిరిగినవారు చివరికి మందులకు కూడా డబ్బు లేక, పలకరించే దిక్కు లేక పోయారన్న కథ. చిత్తూరు నాగయ్య గారైనా, కాంచనమాల గారైనా, రాజనాల గారైనా పేరు మారుతుందే తప్ప ఆ కథ మారదు.

సావిత్రి గారినే తీసుకోండి. 1981 డిసెంబరు 26న ఆమె మరణించేవరకు ఏడాదిన్నరకు పైగా అపస్మారక స్థితిలో ఉన్న సంగతి తెలియని తెలుగువారు అరుదు. అదే సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రానికి దర్శకత్వం వహించారని, ఆ చిత్రానికి పలు ప్రధాన శాఖలను స్త్రీల చేతిలో పెట్టారని, పి. లీల గారి చేత సంగీతం చేయించారని ఎంతమందికి తెలుసు? ఒక మనిషి ముప్పై ఏళ్లు చేసిన పనిని పక్కన పెట్టి, మంచాన పడిన కాలాన్ని మాత్రమే తరతరాలకు అందించడం స్మరణ అవుతుందా? మరుగున పడినవారిని గుర్తుచేసుకోవడానికి ఇంతకంటే గౌరవమైన పద్ధతి ఏదైనా ఉంటే, అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: మాజీ ఉపసంపాదకుడు

మీ ప్రశ్న నేను చాలాకాలం పనిచేసిన చోటికి సూటిగా తగిలింది. పత్రికా కార్యాలయంలో వయసు మళ్లిన ప్రముఖుల జీవిత విశేషాలను ముందే రాసిపెట్టుకుంటారు. వినడానికి కటువుగా ఉన్నా అందులో తప్పు లేదు. రాత్రి పదకొండు గంటలకు, జిల్లా ఎడిషన్ పేజీలు వెళ్లిపోయే వేళకు మరణవార్త వస్తే, అప్పటికప్పుడు పుట్టిన ఊరు, తొలి చిత్రం, పురస్కారాలు సరిచూసుకునే వ్యవధి ఉండదు. చిక్కల్లా ఎక్కడ వస్తుందంటే, ఆ ముందస్తు వ్యాసం బాగా పేరున్నవారికే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా తెరమీద కనిపించని నటికి, ఊరు విడిచి వెళ్లిపోయిన హరికథకుడికి ఉండదు. అప్పుడు విలేకరి ఇంటికి ఫోను చేస్తాడు, దుఃఖంలో ఉన్న కుటుంబసభ్యులు ఆ క్షణాన మనసులో ఉన్నదే, అంటే ఆసుపత్రి, అప్పులు, పట్టించుకోని పరిశ్రమ గురించే చెబుతారు. అది సహజం. మరునాడు అచ్చయిన ఆ నాలుగు పేరాలే తరువాత రాసే ప్రతివారికీ మూలాధారం అవుతాయి. మీరు చూసిన మూసకు పుట్టుక అక్కడే ఉంది.

తొందరపాటు వల్ల దీనికంటే ఘోరాలు కూడా జరుగుతాయి. 2023 మార్చిలో, ఉగాదికి ముందు రోజు, కోట శ్రీనివాసరావు గారు చనిపోయారని పుకారు పుట్టింది. పండుగ ఏర్పాట్లలో ఉన్న పెద్దాయన వరుస ఫోన్లకు సమాధానం చెప్పుకొని, ఇంటికి వచ్చిన పోలీసులతో మాట్లాడి, నేను బతికే ఉన్నానని వీడియో విడుదల చేయవలసి వచ్చింది. ఎనభై ఏళ్లు దాటిన మనిషి చేత అంతమాట అనిపించినవారిలో దురుద్దేశం ఉన్నవారికంటే, అందరికంటే ముందు నివాళి పెట్టాలన్న ఆత్రం ఉన్నవారే ఎక్కువని నా నమ్మకం. ఒక గంట ఆగితే పోయేది ఏమీ లేదు. రంగస్థలం నుంచి వచ్చి, బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడి, ‘ప్రతిఘటన’లో మంత్రి కాశయ్యగా తెలంగాణ యాసను ప్రతినాయకుడి మాటగా నిలబెట్టిన ఆయన కృషి గురించి రాయడానికి ఆ గంట సరిపోతుంది కూడా.

సమాధానం: త్యాగరాయనగర్ నుంచి

నేను కొంత విభేదిస్తున్నాను. చివరి రోజుల గురించి చెప్పకూడదనడం సరికాదు. చెప్పవలసినది చెప్పాలి, కారణంతో సహా చెప్పాలి. నాగయ్య గారి విషయమే చూద్దాం. 1904లో జన్మించిన ఆయన 1938లో ‘గృహలక్ష్మి’తో తెరకు వచ్చి, వాహినీ వారి చిత్రాలతో ప్రఖ్యాతి పొంది, పోతన, త్యాగయ్య, వేమన పాత్రలతో తెలుగు ఇళ్లలో ఆరాధ్యుడయ్యారు. ‘త్యాగయ్య’కు నిర్మాత, దర్శకుడు, కథానాయకుడు, సంగీతకారుడు అన్నీ ఆయనే. తమిళ ‘మీరా’లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సరసన రాణాగా నటించినవారు కూడా ఆయనే. 1965లో పద్మశ్రీ అందుకున్నారు. 1973 డిసెంబరు 30న కన్నుమూసేనాటికి ఆర్థికంగా చితికిపోయి ఉన్నారు.

ఎందుకు చితికిపోయారు? ఆ ప్రశ్నను ఇలాంటి కథలతో వీడియోలు చేసేవారు వేయరు, విధి వంచించిందని ఒక మాట అనేసి నేపథ్యంలో విషాద సంగీతం పెడతారు. సొంత నిర్మాణం నష్టపోతే ఆ భారమంతా ఒక్క మనిషి నెత్తిన పడేది. చివరిదశలో ఆయన తలపెట్టిన ‘రామదాసు’ ఏళ్ల తరబడి సాగి 1964లో గాని విడుదల కాలేదు. దానికి తోడు, అడిగినవారికి లేదనలేని ఆయన స్వభావం ఉండనే ఉంది. వృద్ధాప్యంలో కళాకారుడికి ఆసరాగా నిలిచే ఏర్పాటు అప్పట్లో ఏదీ లేదు. ఇవన్నీ వివరంగా రాస్తే ఆయన పేదరికం జాలి కథగా మిగలదు, ఆనాటి సినీరంగం ఎలా నడిచిందో తెలియజెప్పే చరిత్ర అవుతుంది. చెన్నైలో మా పేటలోని పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది. సాయంత్రం నడకకు వచ్చేవారిలో తెలుగువారు కూడా ఎవరిదో తెలియకుండానే దాన్ని దాటి వెళుతుంటారు. అటువంటివారిని ఆపి నేను చివరి రోజుల సంగతి చెప్పను, ‘త్యాగయ్య’లో ఆయన పాడిన కీర్తనల గురించి చెబుతాను. విన్నవారిలో కొందరైనా ఇంటికి వెళ్లి ఆ కీర్తనలు వింటారు.

సమాధానం: భీమవరం వాసి

చర్చ సినిమావారి చుట్టూనే తిరుగుతోంది గనుక మా ఊరివాడొకరి పేరు చేరుస్తాను. 1895లో భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1948 ఆగస్టులో న్యూయార్కులో మరణించారు. ఆయన విషయంలో కూడా ఒకే మూస ఉంది, కాకపోతే అది పేదరికం కాదు, నోబెల్ బహుమతి. ఏటా ఆయన జయంతి అయిన జనవరి 12న ఆయనకు నోబెల్ ఇవ్వలేదని ఆగ్రహం వ్యక్తం చేసి ఊరుకుంటున్నాం. ఆయన చేసిన పని ఏమిటని మా కళాశాల విద్యార్థులను అడిగితే చెప్పగలిగినవారు తక్కువ.

పని మాత్రం మన గడపలోకే వచ్చింది. గోదావరి జిల్లాల్లో బోదకాలు నివారణకు ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి, వయసును బట్టి మాత్రలు లెక్కపెట్టి, పరగడుపున వద్దని చెప్పి, తన ఎదుటే మింగించి, రిజిస్టరులో రాసుకొని వెళుతుంది. ఆ డి.ఇ.సి. మాత్ర అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో సుబ్బారావు గారి నాయకత్వంలో వెలువడిన మందు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినదీ ఆయన బృందమే. గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతోపాటు ఉండేది అదే. పిల్లల రక్తక్యాన్సరుకు తొలిసారి మందుతో కొంత ఉపశమనం చూపిన బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు ఆ మందు అందినదీ అక్కడినుంచే. సుబ్బారావు గారి జ్ఞాపకార్థం 1995లో తపాలా బిళ్ల వచ్చింది, సంతోషమే. కాని మాత్ర మింగే మనిషికి దానిని కనుగొన్నవాడు ఈ ఊరివాడేనని ఆ పూట చెప్పగలిగితే, నోబెల్ గురించిన కోపంకంటే అది ఎక్కువకాలం మనసులో ఉంటుంది. మా వీధిలో మాత్రల పంపిణీకి వచ్చే అమ్మాయికి నేను ఈ సంగతి చెప్పాను. ఇప్పుడు ఆవిడే ఇంటింటా చెబుతోంది.

తిరుగు సమాధానం: పాతపాటల అభిమాని

ముగ్గురికీ కృతజ్ఞతలు. త్యాగరాయనగర్ సభ్యులు చెప్పిన తేడా నాకు అర్థమైంది, కారణం చెప్పే రచనకు నాకూ అభ్యంతరం లేదు. ఉపసంపాదకులు గారు చెప్పినట్టు మూలాధారమే బలహీనంగా ఉన్నప్పుడు, మనం సమకూర్చుకోగల ఆధారాల మీద దృష్టి పెట్టడం మేలు. నాకు ముందుగా సురభి కమలాబాయి గారు మనసులో ఉన్నారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన ఆమె 1971లో మరణించారు. ఆ చిత్రం ప్రతి నేడు చూడటానికి దొరకదు గనుక, ఆమె నటనను అంచనా వేయడానికి నాటి పత్రికల ప్రకటనలు, సమీక్షలు, సురభి కుటుంబాల జ్ఞాపకాలే ఆధారం.

సభ్యులలో ఎవరి ఇంట్లోనైనా థియేటర్ల దగ్గర అమ్మిన పాత పాటల పుస్తకాలు ఉంటే, ముఖ్యంగా 1930ల నాటివి ఉంటే, దయచేసి పారేయకండి. వాటి అట్టల మీద నటీనటుల, సాంకేతిక నిపుణుల పేర్లు, లోపల కథాసంగ్రహం ఉంటాయి. సినిమా పోయిన చోట ఆ కాగితమే సాక్ష్యం. అట్టలు, తొలి రెండు పుటలు స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఇంట్లో సురభి నాటకాలు చూసిన పెద్దవారు ఉంటే, వారు ఏ ఊరిలో, ఏ నాటకం, ఏ పాత్రలో ఎవరిని చూశారో అడిగి, వారి మాటల్లోనే రాయండి. వాటిని కాలక్రమంలో అమర్చే పని నేను చేస్తాను.