మూడు వారాల్లో తెల్లబడింది, ఇప్పుడు ఆపమంటారేం?

పసుపుకొమ్ము: పెళ్లికి నాలుగు వారాలే ఉంది. పార్లర్లో ఇచ్చిన ట్యూబు ఐదు వారాలుగా రాస్తోంది పెళ్లికూతురు, మూడో వారానికే రంగు తేలింది. ఇంట్లో సగం మంది "ఆపెయ్, మనసు మంచిదైతే చాలు" అంటారు. మిగతా సగం "ఇంకాస్త రాయి" అంటారు. ఎవరి మాట వినాలి?

మందులకొట్టు: ముందు ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. మొమెటాసోన్ 0.1, హైడ్రోక్వినోన్ 2, ట్రెటినాయిన్ 0.025 శాతం అని ఉంటే అది అందం క్రీము కాదు, మంగు మచ్చలకు డాక్టరు రాసిచ్చే మందు. మొమెటాసోన్ స్టెరాయిడ్. మొదట్లో కనబడే తెలుపులో కొంత భాగం రక్తనాళాలు ముడుచుకోవడమే. అలాగే రాస్తూ పోతే చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి. మొటిమలొస్తాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, ఎండ తగిలితే మంట. ఆపితే ఎరుపు, మంట ఎగదన్నుతాయి, దానికి భయపడి మళ్లీ రాస్తారు.

నల్లరేగడి: ఇంత చదువు దేనికి? ఉన్న రంగుతో తృప్తిగా ఉండమంటే సరిపోయె. అమ్మమ్మలకు సున్నిపిండి చాలలేదా?

మందులకొట్టు: అదీ తెల్లబడాలనే రుద్దారు కదండీ. గట్టిగా రుద్దితే ఒరుసుకున్న చోట నల్లబడుతుంది. నిమ్మరసం కలిపి ఎండలోకి వెళ్తే మచ్చలు పడొచ్చు.

నల్లరేగడి: సున్నిపిండి నూనె జిడ్డు పోవడానికి. తెలుపు కోసం కాదు. మాట మార్చకండి.

గోంగూర: పెసరపిండా, శనగపిండా?

నల్లరేగడి: ఒంటికి పెసర. శనగపిండి బజ్జీలకు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ కూడా పేరులో "ఫెయిర్" తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. మీరేమో ఇంకా క్రీముల లెక్కలు చెప్తున్నారు.

మందులకొట్టు: రాయమని నేనెక్కడన్నాను? మంగు వేరు, ఒంటి రంగు వేరు. జబ్బ లోపలివైపు ఎండ తగలని చోట చూడండి, అదే పుట్టు రంగు. చర్మానికి హాని లేకుండా మొహాన్ని అంతకంటే తెల్లగా నిలబెట్టే క్రీము లేదు. మంగుకైనా ఈ మందు పరిమితి 8 వారాలు, అదీ రాత్రిపూట, మచ్చల మీదే.

అద్దంముక్క: నల్లరేగడి గారూ, "మనసు అందంగా ఉంటే చాలు" అని తెల్లటి పిల్లకు ఎవరైనా చెప్పగా విన్నారా? చామనఛాయ పిల్లకే ఆ పాఠం. "రంగు తక్కువైనా గుణవంతురాలు" అంటారు. ఆ "అయినా" ఎందుకు? షాదీ డాట్ కామ్ 2020లో రంగు వడపోత తీసేసింది, పెళ్లిళ్ల పేరయ్య నోట్లోంచి మాత్రం పోలేదు. తృప్తి నేర్పాల్సింది ఫోటో తిప్పి పంపేవాళ్లకు.

నల్లరేగడి: వాళ్లు నేర్చుకునేదాకా ఈ పిల్ల మొహం తగలబెట్టుకోవాలా? నేననేది అదీ.

అద్దంముక్క: అలా అంటే ఒప్పుకుంటా. "తృప్తిగా ఉండు" అన్నారు చూడండి, అది తప్పు ఆ పిల్లదే అన్నట్టుంది.

పసుపుకొమ్ము: ట్యూబు చూశాను, మొమెటాసోన్ ఉంది. మంగు లేనే లేదు, ఊరికే మొహమంతా రాసింది. మెడ వెనక నలుపుకు కూడా.

మందులకొట్టు: అయితే ఈ వారమే ట్యూబు పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఎలా మాన్పించాలో వాళ్లే చెప్తారు, ఒక్కసారిగా ఆపితే పెళ్లినాటికి మొహం ఎర్రగా ఉబ్బొచ్చు. బ్లీచ్, స్క్రబ్, ఫేషియల్ వద్దు. సన్‌స్క్రీన్ మొహానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి. పిల్లల కోసం ప్రయత్నించేటప్పుడు ట్రెటినాయిన్ ఉండకూడదని కూడా డాక్టరు దగ్గర గుర్తుచేయండి.

మెడ నలుపు ముట్టుకుంటే మందంగా, మఖమల్ గుడ్డలా ఉందా?

పసుపుకొమ్ము: అవును. మురికనుకుని పీచుతో రుద్దుతోంది.

మందులకొట్టు: రుద్దడం మాన్పించండి. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే అలా వస్తుంది. పరగడుపున షుగర్ పరీక్ష చేయించండి.