సెషన్ బేస్‌లో దీర్ఘకాలం నిలబెట్టేది ఏది: అన్ని శైలులా, తనదైన ధ్వనా?

మంద్రస్థాయి:

సెషన్ బేస్ వృత్తిలో, అంటే ఇతరుల పాటల రికార్డింగులకు పిలిచినప్పుడు వెళ్లి బేస్ గిటార్ వాయించే పనిలో, పాతికేళ్లో ముప్పయ్యేళ్లో కొనసాగాలనుకునేవారికి అనుభవజ్ఞులు రెండు విరుద్ధమైన సలహాలు ఇస్తుంటారు. ఏ శైలి అడిగినా వాయించగలగాలని, చార్ట్ (పాట స్వరాలు రాసిన కాగితం) ముందు పెట్టగానే చదవగలగాలని కొందరు చెబుతారు. నాలుగు స్వరాలు వినగానే ఫలానా వారిదని పోల్చుకోగలిగే ధ్వనిని సంపాదించుకోవాలని మరికొందరు చెబుతారు. నేను మొదటి పక్షంలో ఉన్నాను. సెషన్ కళాకారుణ్ణి పిలిచేది ఎదుటివారి పాట కోసం. ఆ పాట ఏమిటో చాలాసార్లు స్టూడియోలో అడుగు పెట్టేదాకా తెలియదు.

కేరల్ కే 1950ల చివరి నుంచి లాస్ ఏంజెలెస్ స్టూడియోలలో గిటార్ వాయించేవారు. 1963లో ఒక సెషన్‌కు బేసిస్ట్ రాకపోవడంతో ఆమె బేస్ అందుకున్నారు. ఆ తర్వాత పాప్, సోల్, సినిమా, టెలివిజన్ అనే తేడా లేకుండా ఆమెకు పిలుపులు వచ్చాయి. అనుకోని అవకాశం ఎవరికైనా రావచ్చు, కానీ జాజ్‌లో గట్టి పునాది, చార్ట్ చదివే అలవాటు అప్పటికే ఉండబట్టే ఆమె దానిని అందిపుచ్చుకోగలిగారని నా నమ్మకం.

నాలుగుతీగలు:

మంద్రస్థాయి గారూ, మీరు చెప్పినది పని దొరకడానికి సరిపోతుందేమో గాని, ఫలానా వారే కావాలని అడిగించుకోవడానికి చాలదు. జేమ్స్ జేమర్సన్‌ను తీసుకోండి. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ 1960లలో విడుదల చేసిన పాటలలో పెద్ద భాగానికి బేస్ ఆయనదే. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ అనే ఎలక్ట్రిక్ బేస్ మీద, తెగితే తప్ప మార్చని ఫ్లాట్‌వూండ్ (నునుపు చుట్టు ఉన్న) తీగల మీద, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే ఆయన వాయించేవారు. అంతకు ముందు డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద బేస్) వాయించిన చేయి కావడం వల్ల ఆ స్వరానికి ఒక బరువు ఉండేది. ఆ రోజుల్లో మోటౌన్ రికార్డుల మీద వాద్యకారుల పేర్లు వేసేవారు కాదు. 1971లో వచ్చిన గాయకుడు మార్విన్ గే ఆల్బమ్‌తో గాని ఆయన పేరు అట్ట మీదకు ఎక్కలేదు. పేరు తెలియకపోయినా ప్రపంచమంతటా బేసిస్టులు ఆ ధ్వనిని గుర్తుపట్టి, వెతికి, నేర్చుకున్నారు. అన్నీ కొంచెం కొంచెం వాయించేవారికి ఈ గౌరవం దక్కదు.

పాతచార్ట్:

జేమర్సన్ మీద మీకున్న గౌరవం నాకూ ఉంది. అయితే ఈ చర్చలో ప్రశ్న గౌరవం గురించి కాదు, దీర్ఘకాలం గురించి. మోటౌన్ 1972లో లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. ఆయనా అక్కడికి వెళ్లారు గాని, డెట్రాయిట్‌లో ఉన్న స్థానం అక్కడ దక్కలేదు. 1983లో, 47 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అనారోగ్యం, మద్యం వంటి కారణాలు అందులో ఉన్నాయి కనుక అంతా సంగీతం మీద వేయడం న్యాయం కాదు. కానీ ఒక గది, ఒక బృందం, ఒక కాలపు అభిరుచి కలిసి పెంచిన ధ్వని, ఆ మూడూ మారిపోయినప్పుడు ఒంటరిదవుతుంది. 1970లలో స్టూడియోలు కొత్త రౌండ్‌వూండ్ (గరుకు చుట్టు ఉన్న) తీగల మెరుపు ధ్వనిని కోరుకోసాగాయి. పాత తీగల మందమైన నాదం అప్పటికి వెనకపడిపోయింది.

మీ రెండు పక్షాలకూ ఇబ్బంది కలిగించే వ్యక్తి బేసిస్ట్ పీనో పల్లాడీనో అని నా ఉద్దేశం. 1980లలో ఆయన ఫ్రెట్‌లెస్ బేస్‌కు (మెడ మీద ఫ్రెట్‌లు అనే లోహపు కడ్డీలు లేని బేస్‌కు) పర్యాయపదంలా ఉండేవారు. 1983లో గాయకుడు పాల్ యంగ్‌తో చేసిన రికార్డింగ్ తర్వాత ఆ పాడుతున్నట్టుండే జారుడు స్వరాన్ని అందరూ కోరుకున్నారు. ఆ ధ్వనితోనే మిగిలిన జీవితమంతా గడిపేయాలనుకుంటే, 1980లతోనే ఆయన కాలం ముగిసిపోయేది. కానీ 2000లో వచ్చిన గాయకుడు డియాంజెలో ఆల్బమ్‌లో, ఫ్రెట్‌లు ఉన్న ప్రెసిషన్ బేస్ మీద, ఫ్లాట్‌వూండ్ తీగలతో, డ్రమ్ కంటే ఒక వెంట్రుకవాసి వెనక నడిచే బేస్ వినిపించింది. దాన్ని వాయించినదీ ఆయనే. 2002 జూన్‌లో ద హూ అనే రాక్ బృందపు బేసిస్ట్ జాన్ ఎంట్‌విజిల్ చనిపోయినప్పుడు, కొద్ది రోజుల వ్యవధిలో ఆ బృందంతో వేదిక ఎక్కినదీ ఆయనే. ఆయనకు తనదైన ధ్వని ఉంది, దానిని పక్కన పెట్టగల ధైర్యమూ ఉంది. దీర్ఘకాలం నిలబెట్టేది ఆ రెండోదేనని నేను నమ్ముతున్నాను.

లయధ్వని:

నేను రికార్డింగ్, మిక్సింగ్ వైపు పనిచేస్తాను కనుక, స్టూడియో అద్దానికి ఇవతలి నుంచి కనిపించేది చెబుతాను. మేము మళ్లీ పిలిచే బేసిస్ట్ ఎవరంటే, స్వరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినంత కచ్చితంగా ఎక్కడ ఆపాలో కూడా తెలిసినవారు.

నిమిషానికి 60 బీట్ల పాట అనుకోండి. ఒక్కో బీట్ సరిగ్గా ఒక సెకను. మొదటి బీట్ మీద కిక్‌తో (కాలితో మోగించే పెద్ద డ్రమ్‌తో) కలిసి పడిన బేస్ స్వరాన్ని, రెండో బీట్‌లో స్నేర్ (కర్రతో కొట్టే చురుకైన చిన్న డ్రమ్) పడే క్షణానికి ఎడమచేతి వేలు సడలించి ఆపేస్తే, స్నేర్ చుట్టూ ఖాళీ ఏర్పడి అది రెండింతలు పెద్దదిగా వినిపిస్తుంది. అదే స్వరాన్ని స్నేర్ దాటి సాగనిస్తే పాట వెడల్పుగా, బరువుగా మారుతుంది. రెండూ సరైనవే, కానీ పల్లవిలో ఒకటి, చరణంలో మరొకటి కావాలని ఎవరూ చెప్పకుండానే గ్రహించే చేయి అరుదు. బేస్ అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్‌తో మోగుతుంది, కిక్ బలమంతా దానికి దగ్గరలోనే ఉంటుంది. స్వరాల నిడివి అదుపులో లేకపోతే అడుగు భాగమంతా బురదగా తయారవుతుంది. స్వరస్థాయులను పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో ఎంత తవ్వినా అది పూర్తిగా తేటపడదు.

గదిలో మనుషులతో మెలగడం కూడా ఈ వృత్తిలో భాగమే. అర్ధశతాబ్దానికి పైగా పనిచేస్తున్న లీలండ్ స్క్లార్ బేస్ మీద లోపల దేనికీ కలపని ఒక ఉత్తుత్తి స్విచ్ ఉంది. ప్రొడ్యూసర్ వేరే ధ్వని కావాలన్నప్పుడు స్క్లార్ అతనికి కనబడేలా ఆ స్విచ్ మార్చి, కుడిచేతిని కొద్దిగా జరిపి వాయిస్తారు. మార్పు చేతిలోనే ఉందని ఆయనకు తెలుసు. అయినా దానిపై వాదన పెట్టుకోకుండా సెషన్ ముందుకు సాగనిస్తారు.

నాలుగుతీగలు:

లయధ్వని గారి మాటను మనసారా ఒప్పుకుంటాను. కానీ చార్ట్ చదవడం అన్న మాటను అందరూ ఒకే అర్థంలో వాడటం నాకు అభ్యంతరం. అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోలలో 1950ల చివర రూపుదిద్దుకున్న అంకెల పద్ధతిలో ఐదు గీతల స్వరలిపి అక్కర్లేదు. కార్డ్‌లను (కలిసి మోగే స్వరాల గుంపులను) 1, 4, 5 అని రాసుకుంటారు. జి శ్రుతిలో అవి జి, సి, డి అవుతాయి. గాయని తనకు ఒక మెట్టు ఎత్తు కావాలంటే అదే కాగితం ఎ, డి, ఇ అవుతుంది, ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు. అక్కడ పరీక్ష జరిగేది కంటికి కాదు, చెవికి.

కొత్తవేలు:

పెద్దలందరికీ నమస్కారం. నాకు వచ్చే కొద్దిపాటి పని అంతా ఇంటి నుంచి రికార్డ్ చేసి ఫైలు పంపేదే. ఎన్ని టేకులైనా తీసుకునే వీలున్నప్పుడు, చూడగానే వాయించే నేర్పు కోసం ఏళ్లు వెచ్చించాలా? పాటకు ఇంతని ఒకేసారి తీసుకునే పారితోషికం మీద ఎంతకాలం బతకగలమన్నదీ నా సందేహం.

పాతచార్ట్:

బాబూ, పారితోషికం పాటకు ఇంత అని ఉన్నప్పుడు నీ గంట విలువను నిర్ణయించేది నీ వేగమే. చార్ట్ చదవగలిగినవారు ఒక పూటలో ముగించే పనిని చెవితో వెతుక్కునేవారు రెండు రోజులు చేస్తే, ఇద్దరికీ అందే మొత్తం ఒకటే. ఫైలు పంపేటప్పుడు ఆంప్ (ఆంప్లిఫయర్) ధ్వనితో పాటు డి.ఐ. ట్రాక్‌ను (ఆంప్ లేకుండా బేస్ నుంచి నేరుగా తీసినదాన్ని) శుభ్రంగా విడిగా ఇవ్వు, రెండూ పాట ఆరంభపు బార్ (తాళావర్తం) నుంచే మొదలవ్వాలి. అడిగినట్టు ఒకటి, నీకు తోచినట్టు ఒకటి వాయించి పంపితే ఎదుటివారికి నీ ఆలోచన కూడా తెలుస్తుంది.

ఒకేసారి చెల్లించే పద్ధతి పాతదే. 1972లో గాయకుడు లూ రీడ్ పాట ఒకదానికి బేసిస్ట్ హెర్బీ ఫ్లవర్స్ డబుల్ బేస్ వాయించి, దాని మీద ఎలక్ట్రిక్ బేస్ ఓవర్‌డబ్ చేశారు (మరో పొరగా రికార్డ్ చేశారు). రెండు వాద్యాలు కనుక ఆయనకు రెట్టింపు రుసుము వచ్చింది. ఆ జంట బేస్ జారుళ్లే ఆ పాటకు ముఖచిత్రమైనా, రచనలో వాటా రాలేదు. తర్వాతి కాలంలో కొన్ని చోట్ల చట్టాలు కొంత మెరుగుపడ్డాయి. అమెరికాలో 1995 చట్టం కింద ఇంటర్నెట్, శాటిలైట్ రేడియోల నుంచి వచ్చే రాయల్టీలో 5 శాతం నేపథ్య వాద్యకారులకు, గాయకులకు కేటాయించారు. ఐరోపాలో 2011 నాటి ఆదేశం, 50 ఏళ్లు దాటిన రికార్డింగుల ఆదాయంలో 20 శాతాన్ని ఒకేసారి రుసుము తీసుకున్న కళాకారుల కోసం పక్కన పెట్టమంది. వాయించినది నువ్వేనని చూపించలేకపోతే ఇవేవీ నీ దాకా రావు. కాబట్టి ప్రతి సెషన్‌కూ తేదీ, పాట, పిలిచినవారి పేరు, ఒప్పుకున్న షరతులు మొదటి రోజు నుంచే రాసి ఉంచు.

మంద్రస్థాయి:

పల్లాడీనో ఉదాహరణ తర్వాత నా వాదాన్ని కొంచెం సవరించుకుంటున్నాను. అన్ని శైలులూ రావాలనడం కంటే, ఒక శైలి నుంచి మరొక శైలికి చేతిని నిజంగా మార్చుకోగలగాలి అనడం సరైనది. అయినా తనదైన ధ్వనిని లక్ష్యంగా పెట్టుకుని సాధన మొదలుపెట్టమని కొత్తవారికి మాత్రం చెప్పను.

నాలుగుతీగలు:

అక్కడ మన దారులు వేరు. ఎవరి ధ్వనినీ గాఢంగా ప్రేమించకుండా చేసే సాధన చేతిని చురుకుగా చేస్తుంది గాని, ఒక స్వరాన్ని ఎందుకు పొడిగించాలో చెప్పదు. కొత్తవేలు గారూ, మీకు బాగా నచ్చిన ఒక్క బేసిస్ట్‌ను ఎంచుకుని, స్వరాలతో పాటు వాటి నిడివిని కూడా యథాతథంగా పట్టుకోండి. తర్వాత అదే పాటను అసలు బేస్ తీసేసిన డ్రమ్ ట్రాక్ మీద మీకు తోచినట్టు వాయించి, రికార్డ్ చేసి, మర్నాడు వినండి.

లయధ్వని:

వినేటప్పుడు కిక్, స్నేర్, బేస్ మూడే ఉంచండి. స్నేర్ చిన్నదిగా వినిపించిన ప్రతి చోటా ముందు మీ ఎడమచేతిని అనుమానించండి.